పట్టాల పిన్ని, ఏడు గుడారాలు

లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలూ, కొట్ల ముందు దించే ఎండ తెరలూ కుట్టి బతికే మనిషికి పగటి కలలు కనే తీరిక ఎక్కడిదని ఎవరైనా అడిగితే, పిన్నిని ఎరిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ కుట్టుపనే ఆమె తీరిక. కాళ్ళు మిషన్ తొక్కుతుంటే, చేతులు బరువైన గుడ్డను సూది కిందికి తోస్తుంటే, కళ్ళు మాత్రం కిటికీలోంచి ఎటో వెళ్ళిపోయేవి. ఎదురుగా నిలబడ్డ లారీ ఓనరు "ఏం పిన్నీ, వింటున్నావా?" అని రెండోసారి అడిగితే తప్ప వెనక్కి వచ్చేవి కావు. అయినా కుట్టు ఒక్కటి పక్కకు పోయేది కాదు. మనసు గాల్లో ఉన్నా సూది గీత మీదే ఉంటుందని ఆ లారీలవాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పట్టాల పిన్నే. ఆ కొట్టు వాళ్ళ నాన్న పెట్టింది. రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఒక కొసన వీధి తలుపు, ఇంకో కొసన పెద్ద కిటికీ. మధ్యలో నేలంతా ఖాళీ, పట్టాలు పరుచుకోవాలి కదా. గోడ పొడుగునా మేకులకు దారపు కండెలు, కింద మైనం ముద్దలు, ఇత్తడి రింగుల డబ్బాలు. పైన రెండు గదుల్లో పిన్నీ, వాళ్ళ అక్కా ఉంటారు. అక్క టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. పిన్నికి సంబంధాలు వచ్చే రోజుల్లో నాన్న మంచంలో ఉన్నాడు. నాన్న పోయేసరికి అక్క మోకాళ్ళు మొరాయించాయి. అలా ఒకరి తర్వాత ఒకరికి ఆసరాగా ఉంటూ ఉండగానే పిన్నికి యాభై నాలుగేళ్ళు నిండాయి. ఆమె కుట్టిన పట్టాలు ఎన్ని దేశాలు తిరిగొచ్చాయో ఆమెకే తెలీదు. ఆమె మాత్రం ఆ మేడమీది గదిలో తప్ప ఇంకెక్కడా ఒక్క రాత్రి పడుకుని ఎరగదు.

వేసవి సెలవులకి ఇంకా నెల రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం వీధి చివరి లైబ్రరీ మేడం వచ్చింది. వెనకాల ఒక తోపుడు బండి, దాని మీద ఆకుపచ్చ గుడ్డ మూటలు, బండిని నెడుతూ ఇద్దరు పిల్లలు.

"పిన్నీ, వీటిని చూసి చెప్పు. బతుకుతాయా?" అంది మేడం, ఆసుపత్రికి రోగుల్ని తెచ్చినట్టు.

ఎప్పుడో వరదలప్పుడు పంచగా మిగిలిపోయిన గుడారాలు. లైబ్రరీ వెనక సామాన్ల గదిలో పాత పత్రికల కింద ఇరవై ఏళ్ళు నలిగాయి. మొత్తం ఏడు. పిన్ని ఒక మూట విప్పి గుడ్డను చేత్తో నలిపి చూసింది, వాసన చూసింది, కొసను రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"గుడ్డ గట్టిదే. దారం చచ్చిపోయింది. కుట్లన్నీ మళ్ళీ వెయ్యాలి. ఇంతకీ ఎవరికి?"

"మా పిల్లలకి. క్యాంపుకెళ్తారట."

మా పిల్లలంటే లైబ్రరీ యువబృందం. పదహారు నుంచి ఇరవై ఏళ్ళలోపు వాళ్ళు పద్నాలుగు మంది, ఎనిమిది మంది ఆడపిల్లలు, ఆరుగురు మగపిల్లలు. ఆదివారాలు కలుసుకుని పుస్తకాలు చదువుకునేవాళ్ళు, పుస్తకాల కంటే ఎక్కువగా వాదించుకునేవాళ్ళు. వాళ్ళకి పెద్ద దిక్కు ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. ఏ పనికైనా ముందు కాగితం తీసి ఒకటి, రెండు, మూడు అని రాసుకునేది కాబట్టి ఆ అమ్మాయిని అందరూ జాబితా అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లకి కూడా అదే ఇష్టం.

"ఊరికి నలభై మైళ్ళలో థీమ్ పార్కు ఉంది కదా పిన్నీ," అంది జాబితా, బండి మీంచి మూటలు దించుతూ. "దాని గోడ పక్కనే చెరువు, చెరువు పక్కన మైదానం. అక్కడ గుడారాలు వేసుకోనిస్తారు, నేను రాసి అడిగాను. పొద్దున గుడారాలు వేసేసి పార్కులోకి వెళ్తాం. సాయంత్రం ఒడ్డున కూచుంటే జెయింట్ వీల్ దీపాలు మొత్తం చెరువులో కనిపిస్తాయి. ఊహించుకో!"

ఊహించుకోమని పిన్నికి చెప్పాలా? ఆ సాయంత్రం లారీ ఓనరు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఏడు గుడారాలు పరిచే చోటు లైబ్రరీలో లేదు. అందుకని పిల్లల సమావేశాలన్నీ పిన్ని కొట్లోకే మారాయి. సాయంత్రమైతే చాలు, గుమ్మం ముందు చెప్పుల గుట్ట. పిన్ని ఒక మూల కూర్చుని లావుసూదితో కుడుతుంటే, మిగిలిన నేలంతా వాళ్ళదే. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఎవరి పక్కన ఎవరు పడుకోవాలన్న దగ్గర గొడవ. గురక పెట్టేవాళ్ళకి వేరే గుడారం ఉండాలని ఒకడు తీర్మానం పెట్టాడు. గురక పెడతానని ఒక్కరూ ఒప్పుకోలేదు, తీర్మానం వీగిపోయింది. గిటారుకి ఒక గుడారం కావాలని ఇంకొకడు.

"ఏదీ, ఆ కాగితం ఒకసారి చదువు," అంది పిన్ని మూడో సాయంత్రం.

జాబితా చదివింది. రెండు గిటార్లు, పాటలకి స్పీకరు, రంగు దీపాల తీగ, పేకముక్కలు నాలుగు కట్టలు, ఫొటోలకి పూల కిరీటాలు.

"అగ్గిపెట్టో?"

జాబితా కాగితం తిప్పి వెనకవైపు చూసింది.

"మంచినీళ్ళో? మేకులు దిగ్గొట్టడానికి సుత్తో? వాన పడితే కింద పరుచుకోడానికి పట్టాలో?"

"వేసవిలో వానేంటి పిన్నీ!"

"ఆ సంగతి వానతో చెప్పు," అంది పిన్ని, దారం పంటితో తెంపుతూ.

ఆ రోజు నుంచి పిల్లలు జాబితాలో ఏ వరస రాసినా ముందు మూల వైపు చూసేవాళ్ళు. పిన్ని ఊ కొడితేనే ఆ వరస ఉండేది. గుడారాల పంపకం కూడా చివరికి ఆమే తేల్చింది. ఆడపిల్లలకి మూడు, మగపిల్లలకి రెండు, వాళ్ళ వెంట వచ్చే డ్రిల్లు మాస్టారికి ఒకటి, సామాన్లకి ఒకటి. గిటార్లు సామాన్లలోనే పడుకోవాలి.

పగళ్ళు మాత్రం ఆమె ఒక్కతే. గుడ్డలో సన్న చిల్లులు పైనుంచి చూస్తే కనబడవు. అందుకని దూలానికి తాడు కట్టి, ఒక్కో గుడారాన్నీ గదిలోనే నిలబెట్టి, లోపలికి దూరి తెర దించుకునేది. కిటికీ ఎండ ఆ పాత గుడ్డలోంచి దిగి లోపలంతా లేత ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. బయట వీధి చప్పుళ్ళు ఎక్కడో అవతలి ఒడ్డున వినిపించేవి. మసకకి కళ్ళు అలవాటు పడగానే తల మీద చిల్లులన్నీ ఒక్కొక్కటే వెలిగేవి. పట్టపగలే చుక్కలు కనపడ్డం అంటే తిప్పలు అనుకున్నానే, ఇంత బాగుంటుందా అనుకుని పిన్ని తనలో తనే నవ్వుకునేది. సుద్దముక్కతో ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుట్టాలి, ఆ తర్వాత బయటికొచ్చి మాసిక వెయ్యాలి. చుట్టబోయి, కాసేపే కదా అని వెల్లకిలా పడుకునేది. పడుకుంటే చుక్కలు మెల్లగా జరిగేవి. ఎండ జరుగుతోందని తెలుసు. అయినా తను పడుకున్న నేలే ఎక్కడికో సాగిపోతోందని అనిపించేది. గడ్డి వాసన, తడి వాసన, ఎవరో దూరంగా పాడుతున్నట్టు. ఒకసారి అలా కళ్ళు మూతలు పడి, అక్క పైనుంచి కర్రతో నేల కొట్టి పిలిచేదాకా లేవలేదు.

"గుడారంలో ఏం చేస్తున్నావే అంతసేపు?"

"చిల్లులు లెక్కపెడుతున్నానక్కా."

"ఎన్నున్నాయి?"

పిన్ని ఒక్కటీ లెక్కపెట్టలేదు.

ప్రయాణానికి పది రోజుల ముందు ఆమె ఇంకో పేచీ పెట్టింది. నేల చూడకుండా గుడారం వేస్తారా, ఒంటి కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించినట్టు? అంది. జాబితా వెంటనే కాగితంలో రాసుకుంది. ఆదివారం ఉదయం లైబ్రరీ మేడం, జాబితా, పిన్ని బస్సెక్కి వెళ్ళారు. సాయంత్రానికల్లా తిరిగి రావాలి, అక్క ఒక్కతే ఉంటుంది.

బస్సు మలుపు తిరగగానే జెయింట్ వీల్ కనబడింది. ముందు సగం, తర్వాత మొత్తం. పిన్ని ఫొటోల్లో చూసింది కానీ అది అంత నెమ్మదిగా తిరుగుతుందని అనుకోలేదు. ఎవరో పెద్దావిడ కూర్చుని నింపాదిగా నూలు వడుకుతున్నట్టుంది. దాని కింద గోడ, గోడకి ఇవతల చెరువు, చెరువు ఒడ్డున చాప పరిచినట్టు చదునైన పచ్చిక.

"ఇదే! ఇక్కడే!" అని జాబితా ఆ పచ్చికలోకి పరుగెత్తి చేతులు చాపి గిర్రున తిరిగింది. "చక్రం మొత్తం నీళ్ళలో కనిపిస్తుంది!"

పిన్ని చెప్పులు విడిచి అదంతా నడిచింది. వంగి గడ్డి పీకి చూసింది. కర్రతో నేల గుచ్చింది. గడ్డి అంతా ఒకే వైపు, చెరువు వైపు, దువ్వినట్టు పడుకుని ఉంది. అక్కడక్కడా ఎండిన బురద పొర. ఆమె తలెత్తి మైదానం పై అంచు వైపు చూసింది. అక్కడ నేల కాస్త ఎత్తు, గరుకు, రాళ్ళు. రెండు తుమ్మ చెట్లు.

"ఇక్కడ కాదమ్మా. అక్కడ."

"అక్కడా? అక్కణ్ణుంచి చక్రం సగమే కనిపిస్తుంది పిన్నీ! రాళ్ళున్నాయి!"

"రాళ్ళు ఏరుకోవచ్చు. నీళ్ళు ఏరుకోలేం. ఈ గడ్డి చూడు, ఎటు పడుకుందో. వానొస్తే పైనుంచి నీళ్ళన్నీ ఈ దారినే దిగుతాయి."

"వేసవిలో వాన..." అని మొదలుపెట్టి, జాబితా మూతి ముడుచుకుంది. మేడం పిన్ని వైపే మొగ్గింది. తిరుగు బస్సులో ఆ పిల్ల ఊరొచ్చేదాకా మాట్లాడలేదు. పిన్నికి మనసు చివుక్కుమంది. నలభై మైళ్ళూ కిటికీలోంచి చూస్తూ, తనే పొరబడ్డానేమో అనుకుంది. పట్టాలు కుట్టడం వేరు, పిల్లల కల మీద కత్తెర వెయ్యడం వేరు. కానీ నేల అబద్ధం చెప్పదు కదా.

అంతా సిద్ధమైంది. ఏడు గుడారాలూ కొత్త దారంతో, మైనం పట్టించిన కుట్లతో, గోడవారన మడతలు పెట్టి ఉన్నాయి. ఇంకా నాలుగు రోజులుందనగా పుస్తకాల అట్టపెట్టె ఎత్తబోయి లైబ్రరీ మేడం నడుము పట్టేసింది. కబురందగానే పిన్ని చూడ్డానికి వెళ్ళింది. మేడం మంచం మీద కొయ్యబొమ్మలా పడుకుని పైకప్పు చూస్తూ మాట్లాడింది.

"డాక్టరు రెండు వారాలు కదలొద్దన్నాడు పిన్నీ. డ్రిల్లు మాస్టారు మగపిల్లల్ని చూసుకుంటాడు. ఆడపిల్లలకి తోడు పెద్దావిడ లేకపోతే ఇళ్ళల్లో పంపరు. నువ్వు వెళ్ళకూడదూ?"

"నేనా? నేనెలా వెళ్తాను మేడం? అక్క..."

"అడిగి చూడు."

"అడగక్కర్లేదు. తన మోకాళ్ళ సంగతి మీకు తెలుసుగా. రాత్రి లేస్తే చెయ్యి పట్టుకోవాలి."

ఇంటికొస్తూ పిన్ని దారిలో మూడుచోట్ల ఆగింది. ఎందుకాగిందో ఆమెకే తెలీదు. వెళ్ళనని చెప్పినందుకు బాధ ఒకటి, ఆ బాధలో ఏదో కాస్త నిశ్చింత కూడా. నిజానికి ఆమెకి భయంగా ఉంది. కలలో ఎంత దూరమైనా వెళ్ళొచ్చు, నిద్ర లేస్తే ఇంట్లోనే ఉంటాం. బయట నిద్రపోతే లేచేది ఎక్కడ?

భోజనాల దగ్గర అక్కకి సంగతి చెప్పింది. "కుదరదని చెప్పొచ్చాను," అని ముగించింది.

అక్క చెయ్యి కంచంలో ఆగింది. "ఎందుకు కుదరదు?"

"నిన్ను వదిలేసి ఎలా వెళ్తానక్కా?"

"నా పేరు చెప్పి ఎన్నాళ్ళు తప్పించుకుంటావే?"

పిన్ని తెల్లబోయింది.

"కోప్పడకుండా విను. ముప్పై ఏళ్ళు ఊరందరి గొంతులూ ఈ చెవిలోంచే వెళ్ళాయి. హలో, హలో, లైను మీద ఉండండి. రిటైరయ్యాను, హమ్మయ్య అనుకున్నాను. కిందనించి నీ మిషన్. టకటకటక, పొద్దున మొదలెడితే సాయంత్రం దాకా. తల్లీ, ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, ఈ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఇంకోటి వినకుండా కూర్చోవాలని ఉంది నాకు. ఆ మాట నీతో ఎలా అనను? నా కోసమే కదా నువ్వు కదలకుండా ఉన్నావు!"

"నీ కోసమే ఉన్నాను," అంది పిన్ని.

"నేనూ నీ కోసమే ఉన్నాను. నేను లేకపోతే నువ్వొక్కదానివి అయిపోతావని, మేనత్త కూతురు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. చూశావా, ఇద్దరం ఒకరికొకరం కాపలా కాసుకుంటున్నాం, దొంగ ఎవరో తెలీకుండా."

పిన్ని కంచం తీసేసి కిందికెళ్ళి, మిషన్ ముందు కూర్చుంది. తొక్కలేదు. తొక్కితే చప్పుడవుతుందన్న ఆలోచన ఆమెకి జీవితంలో మొదటిసారి వచ్చింది. ఉక్రోషంగా ఉంది. కాసేపటికి ఆ ఉక్రోషం కిందనుంచి ఇంకేదో కదిలింది. తేలిగ్గా, మెట్లు దిగుతున్నప్పుడు ఒక మెట్టు తగ్గినట్టు. మెట్ల దగ్గరికొచ్చి పైకి కేకేసింది.

"రాత్రి లేస్తే?"

"చెంబు మంచం పక్కనే పెట్టుకుంటాను. కర్ర ఉంది. పక్కింటి పంతులమ్మ తలుపు కొట్టి చూస్తానంది. అడిగేశాను ఎప్పుడో."

"ఎప్పుడో అంటే?"

"నువ్వు గుడారంలో చిల్లులు లెక్కపెడుతున్నప్పుడు."

బయల్దేరే రోజు పొద్దున వ్యానులో పద్నాలుగు గొంతులు ఒకేసారి పాడాయి, పద్నాలుగు రాగాల్లో. డ్రిల్లు మాస్టారు ముందు సీట్లో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. పిన్ని కిటికీ పక్కన. ఒళ్ళో సూదుల పెట్టె, వద్దన్నా వదల్లేదు. పై అంచున రాళ్ళు ఏరడానికే గంట పట్టింది. కింద చదును పచ్చికను చూసి పిల్లలు నిట్టూర్చి మూటలు విప్పారు. గుడారాలు ఒక్కొక్కటే లేచి నిలబడుతుంటే మాత్రం అందరూ అల్లరి ఆపి చూశారు. గదిలో దూలానికి వేలాడిన గుడ్డ ఇక్కడ గాలి పీల్చి కడుపు నింపుకుని, ఏదో జీవం ఉన్నదానిలా మెదిలింది.

పిల్లలు పార్కులోకి వెళ్ళిపోయారు. "నువ్వూ రా పిన్నీ," అని లాగారు. సామాన్లకి కాపలా ఎవరుంటారని తప్పించుకుంది. ఆ మధ్యాహ్నమంతా తుమ్మ చెట్టు నీడలో కూర్చుంది. గోడ అవతలి నుంచి పాటలు, కేకలు, నవ్వులు కెరటాల్లా వచ్చి పోతున్నాయి. చెట్ల మీదుగా చక్రం సగమే కనబడుతోంది. ఒక్కో గది పైకొచ్చి, కాసేపు మెరిసి, మళ్ళీ దిగిపోతోంది. అందులో మనుషులు చీమల్లా ఉన్నారు. తన పిల్లలు ఏ గదిలో ఉన్నారో ఊహించుకుంటూ ఆమె ప్రతి గదికీ చెయ్యి ఊపింది.

నాలుగింటికి గాలి తిరిగింది. పడమర నల్లగా ఉబ్బుకొచ్చింది. చూస్తుండగానే చక్రం ఆగింది, పాటలు ఆగాయి. వాన మొదలయ్యేసరికి పిల్లలు మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. ఎవరి గుడారంలోకి వాళ్ళు దూరారు. గంటసేపు వాన గుడ్డ మీద డప్పులు వాయించింది. పిన్ని చెయ్యి పైకెత్తి కుట్లన్నీ ఒక్కొక్కటిగా తడిమింది. పొడి. ఆమె పక్కన ముడుచుకుని కూచున్న ఇద్దరు ఆడపిల్లలు, జాబితా, మరొకతె, ఆ చెయ్యి వైపే చూశారు.

వాన వెలిశాక బయటికొస్తే, కింద చదును పచ్చిక లేదు. చెరువు అక్కడిదాకా వచ్చేసింది. వాళ్ళు గుడారాలు వెయ్యాలనుకున్న చోట మోకాలి లోతు నీళ్ళలో ఒక ప్లాస్టిక్ కుర్చీ తేలుతోంది. అందరూ దాన్నే చూశారు.

"పిన్నీ," అంది జాబితా చివరికి, "గడ్డి ఎటు పడుకుందో చూడాలని ఎక్కడ రాయను? సామాన్లలోనా, జాగ్రత్తల్లోనా?"

"నీ బుర్రలో రాసుకో, కాగితం తడుస్తుంది," అన్నాడు డ్రిల్లు మాస్టారు. అందరూ నవ్వారు, ఆ పిల్ల అందరికంటే ఎక్కువగా.

ఒకటే కొరత. గాలికి చక్రం ఆపేసేసరికి వరసలో ఉన్న ఆరుగురికి ఎక్కే వంతు రాలేదు. వాళ్ళలో జాబితా ఒకతె. నెల రోజులు కలలు కని, గంటన్నర వరసలో నిలబడి, మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తెల్లారి తొమ్మిదింటికల్లా వ్యాను వచ్చేస్తుంది. ఆ పిల్ల ఆ మాట ఎత్తలేదు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిని, తడి అగ్గిపుల్లల మీద నాలుగు జోకులేసుకుని, అలసిపోయి తొందరగానే అందరూ పడుకున్నారు. పిన్ని నిద్ర పట్టదనుకుంది. పడుకోగానే నేల మెల్లగా కదిలినట్టనిపించింది. ఆ తర్వాత ఏమైందో తెలీదు.

మెలకువ వచ్చేసరికి గుడ్డ ఆకుపచ్చగా తేలిపోతోంది. తెల్లారుతోంది. బయట చెరువు మీంచి మంచు పొగలా లేచి గుడారాల కాళ్ళు కప్పేసింది. అంతా అక్కడే ఉంది, అయినా ఏదీ నేలకి అంటుకుని లేదు. పిన్ని శాలువా కప్పుకుని, గాలికి తెగిన ఒక తాడు ఉచ్చు చూసి, సూదుల పెట్టె తెచ్చుకుని అక్కడే కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా, మీకు కుట్టడం వచ్చా?"

గోడలోని ఇనుప గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసం, చేతుల నిండా గ్రీజు.

"ఏం అన్నా?"

"నేను ఆ చక్రం మేస్త్రీని. నిన్నటి గాలికి మెట్ల మీది పందిరి తెర నిలువునా చిరిగింది. తొమ్మిదింటికి గేటు తీస్తారు. కుట్టేవాడికి కబురు పెడితే మధ్యాహ్నం వస్తానన్నాడు. మీరు కాస్త..."

పిన్ని వెళ్ళి చూసింది. చిరగలేదు, అతుకు విడిపోయింది. ఒక్క వరస కుట్టు, మడత లేదు. "ఇది కుట్టినవాణ్ణి నాకోసారి చూపించు," అని గొణిగి, నిచ్చెనెక్కి కూర్చుంది. గంట పట్టింది. రెండు మడతలు, రెండు వరసలు. ఆమె కుడుతున్నంతసేపూ మేస్త్రీ చక్రం కింద పాకుతూ, బోల్టులు తడుతూ, ఒకటీ రెండూ మూడూ అని ఖాళీగా తిప్పి చూస్తూనే ఉన్నాడు. ఆమె దిగగానే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అన్నీ బాగున్నాయి. ఏమిచ్చుకోను అమ్మా మీకు? ఒక చుట్టు తిరుగుతారా?"

"మా పిల్లలు ఆరుగురు ఎక్కలేకపోయారు అన్నా."

"లేపి తీసుకురండి. వాళ్ళనీ తిప్పుతాను."

పిన్ని గుడారాల వైపు తిరిగింది. నాలుగడుగులు వేసింది. ఆగింది. పిల్లలు ఇంకా నిద్రలో ఉన్నారు. మంచు ఇంకా విడలేదు. ఇదివరకు ఏదైనా దొరికితే, ముందు ఎవరికివ్వాలా అనే ఆలోచించింది. ఆమె వెనక్కొచ్చింది.

"ముందు నేనెక్కుతాను," అంది, తప్పు చేస్తున్నదానిలా గొంతు తగ్గించి. "తర్వాత వాళ్ళని లేపుతాను."

"ఎక్కండమ్మా," అన్నాడు మేస్త్రీ, అదేమీ పెద్ద విషయం కానట్టు.

చక్రం కదిలింది. నేల దిగిపోయింది. మొదట మెట్లు, తర్వాత తను కుట్టిన పందిరి, తర్వాత తుమ్మ చెట్ల తలలు. చప్పుడే లేదు, ఎక్కడో ఇనుము సన్నగా మూలిగింది, అంతే. మంచు దాటి పైకొచ్చేసరికి కింద తెల్లని పొర, ఆ పొరలో ఏడు ఆకుపచ్చ ముద్దలు. ఎవరో పిల్లలు ఆడుకుంటూ మరిచిపోయిన ఆకుల్లా ఉన్నాయి. నెల రోజులు వేళ్ళు నొప్పి పుట్టేలా వేసిన ఒక్క కుట్టూ కనబడలేదు. కనబడకపోతేనేం అనిపించింది. వాటిలో పద్నాలుగు మంది పొడిగా నిద్రపోతున్నారు. వాటికి ఇవతల చెరువు, అవతల దారి, దారి చివర ఎక్కడో బూడిదరంగు మరక. ఊరు కాబోలు. గది చక్రం పై కొసకు చేరి ఆగింది. మేస్త్రీ ఆపాడో, అదే ఆగిందో. చుట్టూ ఏమీ లేదు, లేత గులాబీ రంగు తప్ప. పిన్ని కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్నా అదే కనబడింది. అప్పుడు మాత్రం కళ్ళు తెరిచి, దిగేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది.

పిల్లల్ని లేపినప్పుడు జాబితా జుట్టు చిందరవందరగా, సగం నిద్రలో, "ఇది కలా పిన్నీ?" అంది. "ముందు చెప్పులేసుకో," అంది పిన్ని.

మధ్యాహ్నానికి ఇల్లు చేరేసరికి అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఇంట్లో ఎక్కడివక్కడే. చెంబు మంచం పక్కనే. పిన్ని కాళ్ళు కడుక్కుని టీ పెట్టి ఎదురుగా కూర్చుని, రాళ్ళు ఏరడం దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పింది. ఎప్పుడూ ఎవరో చెప్తే ఊ కొట్టే మనిషి, ఆ రోజు ఆపకుండా చెప్పింది. అక్క టీ చల్లారిపోయింది.

"పైనుంచి చూస్తే మన ఊరు కనబడిందా?"

"కనబడింది."

"ఇల్లో?"

"కనబడింది. నువ్వు డాబా మీద బట్టలారేస్తున్నావు. నేను చెయ్యి ఊపాను, నువ్వు చూడలేదు."

"అబద్ధం!" అంది అక్క. "పొద్దున ఎనిమిదిన్నర దాకా నేను నిద్రే లేవలేదు."

నలభై ఏళ్ళలో అక్క ఐదున్నర దాటి పడుకున్న పొద్దు పిన్నికి గుర్తు లేదు. ఆమె అక్క మొహంలోకి చూసింది. కళ్ళ కింద ఉబ్బు తగ్గింది, బుగ్గ మీద దిండు మడత గీత ఇంకా ఉంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. కింద ఎవరో లారీ ఓనరు "పిన్నీ! ఉన్నావా?" అని పిలిచాడు. ఇద్దరూ పలకలేదు.